చెత్తకు చోటు: తిరుపతి, చిత్తూరు నేలల్లో ల్యాండ్‌ఫిల్ స్థలం ఎంపిక

చెత్త పూడ్చడానికి స్థలం వెతికేటప్పుడు ముందుగా ఆరా తీయాల్సింది నీళ్ల సంగతి. రోడ్డు ఉందా, భూమి ధర ఎంత, ఊరికి ఎంత దూరం అన్నవి ఆ తర్వాతే. కుప్ప మీద పడిన వాన ఎటు పారుతుంది? నేలలోకి దిగిన తడి ఎవరి బోరులో తేలుతుంది? ఈ రెండూ తెలుసుకోకుండా ఎంచిన స్థలం ఎంత చవకగా దొరికినా దశాబ్దాలపాటు ఖర్చు పెట్టిస్తూనే ఉంటుంది, చుట్టుపక్కల ఊళ్లను బాధపెడుతూనే ఉంటుంది.

ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఏటా సగటున 900 మిల్లీమీటర్లకు అటూఇటూగా వాన పడుతుంది. అంటే ఒక హెక్టారు మీద 90 లక్షల లీటర్ల నీళ్లు. తెరిచి ఉన్న చెత్త కుప్ప మీద ఆ వాన పడితే కొంత ఆవిరైపోతుంది, కొంత పక్కలకు జారిపోతుంది, మిగతాది కుప్పలోకి ఇంకుతుంది. కుళ్లుతున్న అన్నం, కూరగాయల తొక్కలు, పూలు, బ్యాటరీలు, మందు సీసాలు, రంగు డబ్బాలు అన్నిటినీ తడుపుకుంటూ దిగి అడుగున నల్లటి ఊటగా బయటికొస్తుంది. దీన్నే లీచేట్ అంటారు. ఇందులో సేంద్రియ ఆమ్లాలు, అమ్మోనియా, క్లోరైడ్లు, కొద్దికొద్దిగా సీసం, క్రోమియం వంటి లోహాలు ఉంటాయి. ఒకసారి భూగర్భజలంలో కలిసిందంటే దాన్ని తిరిగి శుభ్రం చేయడం చాలా కష్టం, చాలా ఏళ్ల పని. గాలి అందని లోపలి పొరల్లో తడి చెత్త కుళ్లి మీథేన్ వాయువు కూడా పుడుతుంది. వేసవిలో చెత్త యార్డులు తగలబడడానికి, మంటలు రోజుల తరబడి ఆరకపోవడానికి ఈ వాయువు ఒక ముఖ్య కారణం.

చెత్తను తెచ్చి గుమ్మరించే డంపింగ్ యార్డుకు, శాస్త్రీయంగా కట్టిన ల్యాండ్‌ఫిల్‌కు ఉన్న తేడా అడుగున, పైన వేసే పొరల్లోనే ఉంది. 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు ఈ పొరలను కొలతలతో సహా చెప్పాయి. అడుగున 90 సెంటీమీటర్ల మందం బంకమట్టి, దాని మీద 1.5 మిల్లీమీటర్ల హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ పొర, ఆపైన ఊటను పట్టి బయటికి తీసే కంకర పొర, పైపులు. ఏ రోజు వేసిన చెత్తను ఆ రోజే అణిచి, పైన కనీసం 10 సెంటీమీటర్ల మట్టి కప్పాలి. నిండిన తర్వాత 60 సెంటీమీటర్ల బంకమట్టితో మూసి, మళ్లీ మట్టి వేసి గడ్డి పెంచాలి. బంకమట్టి పొరలోంచి నీరు దిగే వేగం సెకనుకు ఒక సెంటీమీటరులో కోటో వంతుకు మించకూడదు. పైన నీళ్లు నిలవకపోతే అలాంటి మట్టిలోంచి ఏడాదికి దిగేది సుమారు 3 సెంటీమీటర్ల నీరే. స్వర్ణముఖి నది ఇసుకలో నీరు దీనికంటే లక్ష రెట్లు వేగంగా దిగగలదు.

అయినా ఏ పొరా శాశ్వతం కాదు. ప్లాస్టిక్ పరిచేటప్పుడు అతుకు సరిగా పడకపోవచ్చు, యంత్రం తగిలి చిరగవచ్చు. అందుకే ఆ పొర కింద ఉన్న సహజమైన నేలే రెండో కాపలా. స్థలం ఎంపిక అంటే ఆ కాపలా బలంగా ఉన్న చోటు వెతకడం.

తిరుపతి చుట్టుపక్కల అలాంటి చోటు వెతకడం కష్టం. నగరానికి ఉత్తరాన శేషాచలం కొండలు గోడలా నిలబడి ఉన్నాయి. తిరుమల ఘాట్ రోడ్డులో ఈ నేల చరిత్ర కళ్లకు కనిపిస్తుంది. కింద 250 కోట్ల ఏళ్లనాటి గ్రానైటు, దాని మీద ఎంతో ఆలస్యంగా పేరుకున్న క్వార్ట్‌జైటు పొరలు, రెండింటి మధ్య సుమారు 80 కోట్ల ఏళ్ల ఖాళీ. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ దీన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించింది. కొండ దిగితే నగరం కిందా, దక్షిణాన, పడమట చిత్తూరు దాకా అదే పాత గ్రానైటు, నైస్ రాళ్లు పరుచుకుని ఉన్నాయి. తూర్పున రేణిగుంట, ఏర్పేడు, శ్రీకాళహస్తి వైపు స్వర్ణముఖి తెచ్చి పోసిన ఇసుక, ఒండ్రు.

ఇసుక నేల పనికిరాదని చెప్పడం సులువు. స్వర్ణముఖి ఏడాదిలో ఎక్కువ నెలలు పైకి ఎండిపోయి కనిపించినా ఇసుక కింద నీరు సాగుతూనే ఉంటుంది. ఒడ్డున తీసిన బావులు, ఊట కాలువలు, దిగువ ఊళ్ల తాగునీటి పథకాలు ఆ నీటినే నమ్ముకున్నవి. అక్కడ చెత్త పోస్తే నదిలో పోసినట్టే.

గ్రానైటు సంగతి అంత తేలిగ్గా తేలదు. రాయి గట్టిది కాబట్టి నీళ్లు దిగవని చాలామంది అనుకుంటారు. రాయిలోకి దిగవు, కానీ రాతి పగుళ్లలోకి దిగుతాయి. ఈ ప్రాంతపు భూగర్భజలమంతా పైనున్న మెత్తబడిన గరుసు పొరలోనూ, దాని కింది పగుళ్లలోనూ ఉంటుంది. ఒక మడిలో వేసిన బోరుకు రెండంగుళాల నీళ్లు పడతాయి, వంద అడుగుల అవతల వేసిన బోరులో దుమ్ము తప్ప ఏమీ రాదు. చిత్తూరు జిల్లా రైతు వెయ్యి అడుగులు దింపి, అప్పుల పాలై నేర్చుకున్న పాఠం ఇది. లీచేట్ ప్రయాణం కూడా ఇంతే. పక్కనే ఉన్న బోరును వదిలేసి ఏ పగులు వెంటో పోయి కిలోమీటరు దూరంలోని బావిలో తేలవచ్చు. ఇసుకలో కాలుష్యం ఎటు పోతుందో లెక్క కట్టవచ్చు. పగుళ్ల రాతిలో ఆ లెక్కను గట్టిగా నమ్మలేం. అందుకే రాయలసీమ నేలల్లో పగుళ్ల వరసలను పటం మీదికి ఎక్కించకుండా చేసిన స్థల ఎంపికను ఎంపిక అనకూడదు. ఉపగ్రహ చిత్రాల్లో ఈ పగుళ్లు పొడవాటి గీతల్లా కనిపిస్తాయి. వాటి మీద చెట్లు కొంచెం పచ్చగా ఉంటాయి, వంకలు తిన్నగా పోయి ఒక్కసారిగా మలుపు తిరుగుతాయి. రెండు గీతలు కలిసే చోట బోరు వేస్తే నీళ్లు పడతాయి. ల్యాండ్‌ఫిల్‌కు తప్పించాల్సింది సరిగ్గా ఆ చోటునే.

ఎంపిక ఎప్పుడూ తీసివేతతో మొదలవుతుంది. నగరం, దాని చుట్టూ 25, 30 కిలోమీటర్ల ప్రాంతం పటం పరిచి, చట్టం వద్దన్న చోట్లన్నీ కొట్టేస్తారు. 2016 నియమాలు నదికి 100 మీటర్లు, చెరువుకు, హైవేకు, ఇళ్లకు, పార్కుకు, తాగునీటి బావికి 200 మీటర్లు దూరం ఉండాలన్నాయి. గత వందేళ్లలో వరద ముంచిన మైదానం కాకూడదు. చిత్తడి నేల, వన్యప్రాణుల ఆవాసం కాకూడదు. విమానాశ్రయానికి 20 కిలోమీటర్ల అవతల ఉండాలి. తప్పనిసరైతే 10 నుంచి 20 కిలోమీటర్ల మధ్య పౌర విమానయాన అధికారుల నిరభ్యంతర పత్రంతో పెట్టవచ్చు.

ఒక్క విమానాశ్రయం నిబంధనతోనే తిరుపతి పటంలో పెద్ద భాగం పోతుంది. రేణిగుంట విమానాశ్రయం నగరం నడిబొడ్డుకు నేరుగా కొలిస్తే 13, 14 కిలోమీటర్లే. దాని చుట్టూ 20 కిలోమీటర్ల గీత గీస్తే తిరుపతి మొత్తం లోపలే ఉంటుంది. చంద్రగిరి, శ్రీకాళహస్తి మాత్రం కొద్దిలో బయట పడతాయి. తెరిచి ఉన్న చెత్త మీదికి గద్దలు, కాకులు, కొంగలు చేరతాయి. ఎగిరే, దిగే విమానానికి అవే ప్రమాదం కాబట్టి ఈ నిబంధనను కాగితం మీద లాంఛనంగా చూడకూడదు. ఇక ఉత్తరాన 1989లో ప్రకటించిన శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానం, 2010లో ఏర్పడిన శేషాచలం జీవావరణ మండలం ఉన్నాయి. అటు వెళ్లే వీలే లేదు. పడమట కల్యాణి డ్యాం పరీవాహకం తిరుమల, తిరుపతి దాహం తీర్చేది. దాన్నీ ముట్టుకోకూడదు.

మిగిలేది ఎక్కువగా దక్షిణం, నైరుతి. అక్కడ చెరువుల సమస్య వస్తుంది.

రాయలసీమ చెరువు ఒంటరిగా ఉండదు. పై చెరువు నిండితే మొరవ పోయి, వంక పట్టి కింది చెరువుకు, అక్కణ్ణుంచి మరో చెరువుకు నీళ్లు చేరతాయి. ఇలాంటి గొలుసులో పై చెరువు పరీవాహకంలో చెత్త కుప్ప పెడితే కింది చెరువుల ఆయకట్లన్నిటికీ ఆ ఊట అందుతుంది. చెరువుకు 200 మీటర్ల దూరం అన్న నిబంధన ఇక్కడ చాలదు. కుప్ప చెరువుకు రెండు కిలోమీటర్ల ఎగువన ఉండి కూడా ఆ చెరువులోకే పారవచ్చు, 300 మీటర్ల దిగువన ఉండి దానికి ఏ హానీ చేయకపోవచ్చు. దూరం కంటే వాలు ముఖ్యం. 2021 నవంబరులో తిరుపతి మీద పడిన వానలు ఈ విషయాన్ని బాగా తెలియజెప్పాయి. రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు నిండి, కట్ట నుంచి నీరు ఊరడంతో దిగువ ఊళ్లను ఖాళీ చేయించారు. నగరం అంచున పేరూరు, తుమ్మలగుంట, అవిలాల చెరువుల దారులు మూసుకుపోయిన చోట నీళ్లు కాలనీల్లోకి వచ్చాయి. ఏడాదిలో పది నెలలు ఎండి కనిపించే వంకను చూసి ఇక్కడ నీళ్లు లేవని రాసుకుంటే ఒక్క నవంబరు చాలు ఆ రాతను చెరిపేయడానికి.

కాలం లెక్క నేల పరీక్షలో కూడా కీలకమే. పటం మీద మిగిలిన నాలుగైదు స్థలాల్లో గుంతలు తవ్వి చూస్తారు. చిత్తూరు వైపు ఒక గుంత ఇలా కనిపిస్తుంది: పైన మోకాలి లోతు ఎర్ర నేల, తర్వాత చేత్తో నలిపితే పొడి అయ్యే పసుపు, తెలుపు గరుసు, అందులో మెరిసే అభ్రకం ముక్కలు. రెండు మూడు మీటర్ల దగ్గర గడ్డపార ఖంగుమంటుంది. అక్కడ రాయి ముఖం మీద తుప్పు రంగు చారలు ఉన్నాయేమో చూడాలి. ఆ చారలు ఉన్నాయంటే పగులు వెంట నీరు నడిచిందని గుర్తు. తర్వాత నేలలో ఇనుప వలయం దింపి, నీళ్లు పోసి, గంటకు ఎంత దిగిందో కొలుస్తారు. గరుసులో నీళ్లు చూస్తుండగానే తగ్గిపోతాయి. విద్యుత్ నిరోధక సర్వేతో ఇంకా లోతున ఉన్న పొరలను అంచనా వేస్తారు. చివరికి బోర్లు వేసి నీటి మట్టం కొలుస్తారు.

అడుగు పొరకు, భూగర్భజలానికి మధ్య కనీసం 2 మీటర్లు ఉండాలని 2016 నియమాలు చెప్పాయి. మే నెలలో కొలిస్తే ఈ జిల్లాల్లో దాదాపు ఏ స్థలమైనా ఈ పరీక్షలో నెగ్గుతుంది, ఎందుకంటే అప్పటికి నీళ్లు పాతాళంలో ఉంటాయి. ఇక్కడ అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ఈశాన్య రుతుపవనాలతో కూడా బాగా వానలు పడతాయి. మంచి వానలు పడ్డ ఏడాది డిసెంబరులో అదే చోట బావులు నేల మట్టానికి నిండుతాయి. అందువల్ల నీటి మట్టాన్ని డిసెంబరులోనే కొలవాలి, అదీ ఒక్క ఏడాది చూసి సరిపెట్టుకోకూడదు. ఏ నెలలో కొలిచారో చెప్పని నివేదికను పక్కన పెట్టడమే మంచిది.

వదిలేసిన గ్రానైటు క్వారీల్లో చెత్త నింపితే సరిపోతుందన్న సూచన కూడా తరచుగా వస్తుంది. చిత్తూరు, కుప్పం ప్రాంతాల్లో అలాంటి గుంతలకు కొదవ లేదు. గుంత సిద్ధంగా ఉంది, పొలం పోదు, కంటికి కనిపించదు. కానీ క్వారీలో పేలుళ్లకు రాయి మరింత పగిలి ఉంటుంది. అడుగు చాలాచోట్ల భూగర్భజల మట్టం కంటే కిందే ఉంటుంది. వానాకాలంలో అక్కడ నిలిచే పచ్చటి నీళ్లే దానికి సాక్ష్యం. నిట్టనిలువు రాతి గోడకు ప్లాస్టిక్ పొర అతికించడం కష్టం, బంకమట్టి అసలు నిలవదు. నీళ్లు ఊరని, పగుళ్లు లేని, అడుగు సరిచేయగల క్వారీ దొరికితే కట్టడాల శిథిలాల వంటి జడ పదార్థాలకు వాడవచ్చు. ఇంటి చెత్తకు మాత్రం వాడకూడదు.

బంకమట్టి ఎక్కడి నుంచి తెస్తారన్న ప్రశ్న కూడా స్థలంతో ముడిపడిందే. ఎర్ర నేలలో బంక తక్కువ. చెరువు అడుగుల ఒండ్రుమట్టి కొంత పనికొస్తుంది, కానీ దానికి రైతు పొలంలోనూ గిరాకీ ఉంది. చాలకపోతే బెంటొనైట్ అనే బంకమట్టి కలుపుతారు, ఖర్చు పెరుగుతుంది.

ఇన్ని అంశాలను పోల్చడానికి ఇప్పుడు కంప్యూటర్ మీద పొరలుగా గీసే జీఐఎస్ పటాలు, అమెరికా గణితవేత్త థామస్ సాటీ 1970లలో రూపొందించిన జతల పోలిక పద్ధతి వాడుతున్నారు. నీళ్లకు దూరం ముఖ్యమా, రోడ్డుకు దగ్గర ముఖ్యమా అని రెండేసి అంశాలను పోల్చి ప్రతిదానికీ బరువు కడతారు. ప్రతి స్థలానికీ మార్కులు వేసి కూడతారు. పద్ధతి మంచిదే, ఒక జాగ్రత్త మాత్రం అవసరం. కూడికలో ఒకచోట పోయిన మార్కులు ఇంకోచోట తిరిగొస్తాయి. చెరువు పరీవాహకంలో ఉన్న స్థలం మంచి రోడ్డు, చవక ధర వల్ల మొదటి స్థానంలోకి రావచ్చు. నీటికి సంబంధించిన అంశాలను మార్కుల్లో కలపకుండా ముందే వడపోతగా పెట్టుకోవాలి. ఆ వడపోత దాటిన స్థలాలకే మార్కులు.

ఇంత తీసివేత తర్వాత తిరుపతి చుట్టూ మిగిలే భూమి చాలా తక్కువ. అందుకే ఎంత భూమి కావాలన్న లెక్కను తగ్గించడం కూడా స్థలం ఎంపికలో భాగమే. ఒక నగరం రోజుకు 200 టన్నుల చెత్తను యథాతథంగా పూడుస్తుందనుకుంటే ఏడాదికి 73,000 టన్నులు. ల్యాండ్‌ఫిల్ 25 ఏళ్లయినా పనిచేయాలి కాబట్టి మొత్తం 18 లక్షల టన్నులు పైనే. బాగా అణిచి, మధ్యలో వేసే మట్టి కూడా కలుపుకుంటే సుమారు 24 లక్షల ఘనపు మీటర్లు. సగటున 10 మీటర్ల ఎత్తు పోస్తే దాదాపు 60 ఎకరాలు, చుట్టూ వదిలే ఖాళీ, రోడ్లు, ఊట శుద్ధి చేసే చోటు అదనం. అదే తడి చెత్తను ఎరువుగా, గ్యాస్‌గా మార్చి, పొడి చెత్తను అమ్మి, ఐదో వంతు మాత్రమే పూడ్చితే 12 ఎకరాలు చాలు. 60 ఎకరాల మంచి నేల ఈ ప్రాంతంలో దొరకడం కష్టం, 12 ఎకరాలైతే దొరకవచ్చు.

తిరుపతి నగరపాలక సంస్థ ఇంటి దగ్గరే తడి, పొడి చెత్త వేరుచేయించే దారి పట్టింది. తూకివాకం దగ్గర తడి చెత్తను గ్యాస్‌గా, ఎరువుగా మార్చే ఏర్పాట్లు చేసింది. ఏళ్ల తరబడి చెత్త పోసిన రామాపురం యార్డులో పాత కుప్పలను తవ్వి, జల్లెడ పట్టి, మట్టిని, ప్లాస్టిక్‌ను వేరుచేసే బయోమైనింగ్ చేపట్టింది. యాత్రికుల వల్ల ఇక్కడి చెత్త స్థానిక జనాభా లెక్కకు అందదు. హోటళ్ల అన్నం, విస్తళ్లు, పూలు, కొబ్బరి చిప్పలు, నీళ్ల సీసాలు పండగ రోజుల్లో ఒక్కసారిగా పెరుగుతాయి. స్థలం లెక్క వేసేటప్పుడు జనాభా పట్టికతో సరిపెట్టుకోకుండా తిరుమల బ్రహ్మోత్సవాల రోజుల కాటా లెక్కలు కూడా చూడాలి.

వేరుచేయకుండా పోస్తూ పోతే ఏమవుతుందో హైదరాబాదు శివారు జవహర్‌నగర్ చూపించింది. ఊరి బయట అనుకున్న యార్డు చుట్టూ నగరం పెరిగింది, లీచేట్ మల్కారం చెరువును నల్లబరిచింది, కోటి టన్నులకు పైగా ఉన్న గుట్టను చివరికి మట్టితో కప్పి మూయాల్సి వచ్చింది. కుప్ప ఎత్తు పెరగడం కూడా ప్రమాదమే. 2017 సెప్టెంబరులో ఢిల్లీలోని ఘాజీపూర్ గుట్ట ఒక పక్క కూలి ఇద్దరు చనిపోయారు.

చిత్తూరు, నగరి, పుత్తూరు, పలమనేరు వంటి పట్టణాలు ఒక్కొక్కటిగా ల్యాండ్‌ఫిల్ కట్టుకోలేవు. 2016 నియమాలు చిన్న పట్టణాలు కలిసి ఒకే ప్రాంతీయ ల్యాండ్‌ఫిల్ పెట్టుకునే వీలు కల్పించాయి. చాలా చోట్ల అదే మేలు, ఎందుకంటే ఐదు మంచి స్థలాలు వెతకడం కంటే ఒక మంచి స్థలం వెతకడం సులువు. లారీ ప్రయాణం పెరుగుతుంది కాబట్టి మధ్యలో చెత్తను పెద్ద లారీల్లోకి మార్చే ట్రాన్స్‌ఫర్ స్టేషన్ కావాలి. ఈ పట్టణాల నీళ్ల దారులు జిల్లా దాటి పోతాయని కూడా గుర్తుంచుకోవాలి. చిత్తూరు మీదుగా పారే నీవా నది పొన్నై నదిలో కలిసి పాలారుకు చేరుతుంది. నగరి వైపు నీళ్లు కుశస్థలి నది ద్వారా చెన్నైకి తాగునీరిచ్చే పూండి జలాశయానికి పోతాయి. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అభయారణ్యం ఏనుగులు ఆహారపు వాసనకు చెత్త కుప్పల దాకా రాగలవు.

గాలి దిశను కూడా చూడాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి వీస్తుంది. ఆ నెలల్లో ఊరికి నైరుతిన ఉన్న యార్డు వాసన, పొగ ఊరి మీదికే వస్తాయి. అటు ఖాళీ భూమి ఎక్కువగా ఉన్నంత మాత్రాన ఈ విషయాన్ని తోసిపుచ్చకూడదు.

రెవెన్యూ రికార్డుల్లో పోరంబోకు అని ఉన్న భూమి ఎవరిదీ కాదని అనుకోవడం ఈ వ్యవహారంలో అన్నిటికంటే పెద్ద అన్యాయం. మేత పోరంబోకులో ఊరి గొర్రెలు, మేకలు మేస్తాయి. గుట్ట పోరంబోకు పక్కన ప్రభుత్వం ఇచ్చిన డీకేటీ పట్టాల మీద బతికే దళిత, గిరిజన కుటుంబాలు ఉంటాయి. స్థలాల జాబితా ఎప్పుడూ అలాంటి ఊళ్ల దగ్గరే ఆగుతుంటే అది నేల గుణం వల్లా, ఊరి బలహీనత వల్లా అని తేల్చుకోవాలి. 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ కింద ఉమ్మడి ఘన వ్యర్థాల కేంద్రానికి ముందస్తు అనుమతి, ప్రజాభిప్రాయ సేకరణ అవసరం. ఆ సభకు పోయే ముందే ఊరివాళ్ల చేతికి నీటి మట్టం కొలతలు, వాలు పటం, లీచేట్ శుద్ధి ఏర్పాటు వివరాలు తెలుగులో అందాలి. ఏ వంక ఎప్పుడు పొంగుతుందో, ఏ బావి ఎక్కడి ఊటతో నిండుతుందో వాళ్లకు తెలిసినంత ఏ సర్వేకూ తెలియదు. వాళ్ల మాటను అభ్యంతరాల పట్టికలో పడేయకుండా కొలతల్లో భాగంగా రాసుకోవాలి.

స్థలం ఖరారయ్యాక చుట్టూ బోర్లు వేసి, ఒక్క లారీ కూడా రాకముందే నీటిని పరీక్షించి ఆ ఫలితాలను భద్రపరచాలి. తర్వాత మార్పు వస్తే తెలిసేది ఆ మొదటి కొలతల వల్లే. ఈ పరీక్షలు ల్యాండ్‌ఫిల్ మూసిన తర్వాత కూడా 15 ఏళ్లు కొనసాగించాలని 2016 నియమాలు చెప్పాయి. చుట్టూ ఇళ్లు కట్టకూడని మేరను నగరాభివృద్ధి సంస్థ మాస్టర్ ప్లాన్‌లో సర్వే నంబర్లతో సహా చూపించాలి. తిరుపతి చుట్టూ లేఅవుట్లు పడుతున్న వేగాన్ని బట్టి ఆ గీతను స్థలం ఖరారైన వెంటనే పటంలోకి ఎక్కించాలి, ఆ మేరలో ప్లాట్లకు అనుమతులు ఇవ్వకుండా అప్పటినుంచే ఆపాలి.